గోరంట్లలో ఇల్లు కట్టబోతున్నాం. ఇప్పటి డాబా ఇళ్ళు మన ఇల్లు అనిపించాలంటే ప్లాన్‌లో ఏం ఉండాలి?

ప్రశ్న: గోరంట్ల 200 గజాలు

గుంటూరు గోరంట్లలో మాకు 200 గజాల స్థలం ఉంది. తూర్పు ముఖం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. నాన్న రిటైర్మెంట్ డబ్బుకి నా బ్యాంకు లోను కలిపి, మాఘమాసంలో శంకుస్థాపన చేద్దామనుకుంటున్నాం. ఉండేది అమ్మా నాన్నా, నేనూ నా భార్యా, ఆరో తరగతి చదివే పాప. పైన ఒక పోర్షన్ అద్దెకిస్తాం.

ప్లాన్ గీసే ఆయన చూపించినవన్నీ దాదాపు ఒకటే. గేటు తీయగానే కారు, కారు పక్కన మెట్లు, మెట్ల కింద మోటారు, ఆ తర్వాత మెయిన్ డోరు. లోపల పెద్ద హాలు, అందులోనే డైనింగ్, దానికి ఆనుకుని ఓపెన్ కిచెన్, రెండు అటాచ్డ్ బెడ్‌రూములు. ఎలివేషన్‌కి గాజు, స్టీలు రెయిలింగు, రాత్రిపూట వెలిగే లైట్ల వరుస. చదరపు అడుగుకి రెండు వేల పైమాటే అంటున్నారు. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు.

మా టెన్షన్ డబ్బు గురించి మాత్రమే కాదు. ఈమధ్య ఈ చుట్టుపక్కల చాలా గృహప్రవేశాలకి వెళ్ళాం. పాలు పొంగించి, భోజనాలు పెట్టి, ఇల్లంతా తిప్పి చూపిస్తారు. అన్నీ బాగుంటాయి, మనసుకి మాత్రం ఏదీ పట్టదు. షోరూములో నిలబడ్డట్టు ఉంటుంది. కొన్నాళ్ళ తర్వాత అదే ఇంటికి వెళ్తే, అందరూ హాల్లో టీవీ ముందు సోఫాలోనే ఉంటారు. మిగతా ఇల్లు ఖాళీ. ముందు బాల్కనీలో వాషింగ్ మెషీను, బట్టల స్టాండు, ఎండిపోయిన తులసి కుండీ.

మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. తాతగారి పెంకుటిల్లు ఇప్పుడు లేదు, వాసాలు పుచ్చిపోతే పడగొట్టేశాం. దాని ముందు వసారాలో ఎర్ర గచ్చు ఉండేది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ వాసన ఇంటినిండా ఉండేది. అమ్మ సాయంత్రం పూట ఆ వసారాలోనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, దారినపోయే వాళ్ళని పలకరిస్తూ ఉండేది. ఇప్పుడు కొరిటెపాడులో మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉంటున్నాం. సాయంత్రమైతే అమ్మ మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. అది చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

అలాగని పాత ఇంటిని తిరిగి కట్టాలని నాకు లేదు. మండువా అని పేరు పెట్టి మధ్యలో ఫైబర్ షీటు బిగించిన ఇల్లొకటి చూశాం. అది వద్దనుకున్నాం. మాకు కారుంది, ఎండాకాలం ఏసీ కావాలి, పాపకి చదువుకోవడానికి గది కావాలి. కాంక్రీటుతో, టైల్సుతో మనం కట్టుకునే ఇల్లు నిజంగా మన ఇల్లు అనిపించేలా కట్టుకోవచ్చా? లేక అది ఉండగా ఉండగా వచ్చేదేనా, ప్లాన్‌తో పనిలేదా? కట్టుకుని ఉంటున్నవాళ్ళు చెప్పండి.

జవాబు: పోరంకి కోడలు

కట్టుకోవచ్చండీ. మేం విజయవాడ పక్కన పోరంకిలో కట్టుకుని కొన్నేళ్ళుగా ఉంటున్నాం. మాదీ కాంక్రీటు స్లాబే, విట్రిఫైడ్ టైల్సే. అయినా సెలవులకి ఎటైనా వెళ్తే ఎప్పుడు ఇంటికి చేరతామా అనిపిస్తుంది.

మీరు చెప్పిన ప్లాన్‌లో గదులున్నాయి, మనుషులు లేరు. మేం ప్లాన్ గీయించే ముందు ఒక నోటు పుస్తకంలో, ఇంట్లో ఏ వేళకి ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాసుకున్నాం. మా అత్తగారికి తెల్లవారుజామునే మెలకువ. ఎవరి నిద్రా చెడగొట్టకుండా ఆవిడ కాఫీ కలుపుకుని కూర్చోవడానికి ఒక చోటు కావాలి. మామగారికి పేపరు చదవడానికి వెలుతురు కావాలి, పక్కన ఎవరో ఒకరు తిరుగుతూ ఉండాలి. నేను ఇంటి నుంచి పనిచేస్తాను. సాయంత్రం టీ పెట్టుకుంటూ నిలబడ్డప్పుడు వీధి కనపడాలనేది నా కోరిక. పిల్లలు గదిలో తలుపేసుకుని చదవరు, వంటింటి దగ్గరే బల్ల మీద చదువుతారు. ఇదంతా రాశాక హాలు చిన్నదైపోయింది. ఎందుకంటే హాల్లో ఎవరూ కూర్చోవడం లేదని ఆ కాగితంలోనే తేలింది. హాలు వచ్చినవాళ్ళకి చూపించడానికి.

అలా మిగిలిన జాగా ముందు వసారాకి ఇచ్చాం. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెబుతాను: వసారా ఆరడుగుల కంటే తక్కువ లోతు ఉండకూడదు. మా మేస్త్రీ నాలుగు చాలన్నాడు. గోడకి ఆనించి ఒక కుర్చీ వేస్తే రెండున్నర అడుగులు పోతాయి. ఎదురుగా ఇంకొకరు కూర్చోవాలి, మోకాళ్ళు తగలకూడదు, పక్కనుంచి మనిషి నడవాలి. నాలుగడుగుల్లో ఎదురెదురుగా కూర్చోవడం కుదరదు. పక్కపక్కన కూర్చుని ఎదుటి గోడ చూడాలి. అలా నాలుగు రోజులు కూర్చుంటారు, ఆ తర్వాత అక్కడికి బట్టల స్టాండు వచ్చేస్తుంది. మీరు చూసిన బాల్కనీల సంగతి అదే. మాది ఆరున్నర అడుగులు. నవారు మంచం వేసినా దారి ఉంటుంది.

వసారా అంచున పిట్టగోడ కట్టలేదు. దాని బదులు అడుగున్నర ఎత్తున అరుగు కట్టించి, పైన కడప బండ పరిపించాం. తూర్పు వైపు కాబట్టి మధ్యాహ్నం దాటాక నీడే, బండ చల్లబడిపోతుంది. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాడేది ఆ అరుగే. గ్యాస్ సిలిండరు తెచ్చినతను ఊపిరి తీసుకునేది అక్కడే, పైన అద్దెకున్నవాళ్ళ పాప తాళం కోసం ఎదురుచూసేది అక్కడే, కూరగాయల బండి ఆగితే మా అత్తగారు బేరమాడేది అక్కడే. మనిషిని లోపలికి పిలవాలా, గేటు దగ్గరే నిలబెట్టాలా అన్న ఇబ్బందే లేదు. కాంపౌండు గోడ కూడా మూడడుగుల వరకే, ఆ పైన ఇనుప గ్రిల్లు. నిలువెత్తు గోడ కట్టేస్తే వసారా ఎంత పెద్దదైనా దండగే.

ఓపెన్ కిచెన్ గురించి ఆలోచించుకోండి. మన పోపులో ఎండుమిరపకాయ పడగానే హాలంతా దగ్గు. మేం గోడ కట్టించి, అందులో వెడల్పాటి తెరుపు పెట్టించాం. అవతల బల్ల దగ్గర కూర్చున్న పిల్లలతో మాట్లాడొచ్చు, పొగ చిమ్నీ వైపు పోతుంది. వెనక దొడ్డివైపు కుళాయి, గిన్నెలు తోమే గట్టు, గ్రైండరు పెట్టుకునే బండ ఉన్నాయి. ఆవకాయ కలిపేది అక్కడే. పొద్దున పూట పడమటి వైపు నీడగా ఉంటుంది, ఆవపిండి ఘాటు ఇంట్లోకి రాదు.

మీది కూడా తూర్పు ముఖమే కాబట్టి ఇంకో సంగతి. వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో వస్తుంది. మే నెలలో మన ఊళ్ళలో సాయంత్రం ఎండంతా పడేది ఆ గది పడమటి గోడ మీదే. పగలు తాగిన వేడిని గోడ రాత్రి పడుకున్నాక గదిలోకి వదులుతుంది. మేం వాస్తు మార్చలేదు. నైరుతిలో బరువుండాలంటారు కదా, పడమటి గోడ పొడవునా బట్టల అలమరలు కట్టించాం. గోడకీ మంచానికీ మధ్య అలమర అడ్డుంటుంది. మా అత్తగారికీ సంతోషం, ఏసీకీ పని తగ్గింది.

ఉండగా ఉండగా వస్తుందా అన్నారు. వస్తుంది, కానీ కూర్చునే చోట్లే అలవాటవుతాయి. ఎవరూ కూర్చోని హాలు ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది.

జవాబు: సైటు ఇంజినీరు, నల్లపాడు రోడ్డు

పైన మేడమ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను కట్టే పని వైపు నుంచి చెబుతాను.

గుంటూరు చుట్టూ చాలా చోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, పునాది సరిగ్గా లేకపోతే గోడలూ దాంతోపాటు బీటలిస్తాయి. కాబట్టి ముందు సాయిల్ టెస్టు చేయించండి. పునాదిలో మిగిల్చిన డబ్బుతో ఎలివేషన్ చేయించుకున్నవాళ్ళని చూశాను. ఏటా గోడ పగుళ్ళకి పుట్టీ పెట్టుకుంటూ ఉండే ఇంటి మీద ప్రేమ నిలవదండీ.

తర్వాత గాలి. మన వైపు పగలు వడగాలి పడమటి నుంచి, సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి చల్లగాలి. ఆ గాలి లోపలికి రావడానికి తూర్పున, దక్షిణాన కిటికీ ఉంటే సరిపోదు, పోవడానికి ఎదురుగా ఇంకోటి ఉండాలి. మీ ప్లాన్‌లో ప్రతి గదికీ రెండు గోడల్లో కిటికీలున్నాయో లేదో చూసుకోండి. అటాచ్డ్ బాత్రూము వచ్చి చాలాసార్లు రెండో కిటికీని మింగేస్తుంది. పాత ఇళ్ళలో గోడ పైభాగాన వెంటిలేటర్లు ఉండేవి, వేడిగాలి పైకెక్కి అటునుంచి పోయేది. ఇప్పుడు వాటిని మూసేసి ఫాల్స్ సీలింగ్ కొడుతున్నారు. నన్నడిగితే ఆ డబ్బు మంచి కిటికీలకీ, రెండడుగుల సన్‌షేడ్‌కీ పెట్టండి.

పడమటి గోడని తొమ్మిదంగుళాల మందం తగ్గనివ్వకండి. వీలైతే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టించండి. ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, మధ్యలో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీయే వేడిని ఆపుతుంది. ఇటుక కూడా పావు వంతు దాకా ఆదా అవుతుంది. ఇంగ్లండులో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడి 2007లో చనిపోయిన ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో ఈ పద్ధతిని బాగా వ్యాప్తి చేశారు. మీరడిగిన ప్రశ్నకి ఆయన పనిలో జవాబుంది. ఖర్చు తగ్గించడానికి వాడిన పద్ధతులే ఆ ఇళ్ళకి అందం తెచ్చాయి, పైపూత అవసరం లేకుండా. కాకపోతే మన మేస్త్రీలకి ఇది అలవాటు లేదు, దగ్గరుండి చేయించాలి. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి. మనకి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిదతో చేసే ఇటుకలు దొరుకుతాయి, కొలత సమానంగా ఉంటుంది. ఆ గోడలో కరెంటు పైపులు, నీళ్ళ పైపులు రాకుండా ముందే చూసుకోండి.

స్లాబ్ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మన నెత్తిన ఉన్నది ఐదంగుళాల కాంక్రీటు, పగలంతా కాలి అర్ధరాత్రి దాకా కిందికి వేడి వదులుతూనే ఉంటుంది. అన్నట్టు, స్లాబ్‌కి ఇనుము కట్టేటప్పుడే వసారాలో ఉయ్యాల కొక్కేలు పెట్టించుకోండి. తర్వాత డ్రిల్లు వేసి బిగించే బోల్టు మీద మనుషుల్ని ఊగనివ్వడం నాకిష్టం ఉండదు.

జవాబు: బ్రాడీపేట మనవరాలు

అందరూ వసారా, అరుగు అని ప్రేమగా రాస్తున్నారు. నాకూ ఇష్టమే, కానీ పాత ఇంటి గురించి ఇంకో వైపు కూడా చెప్పాలి.

బ్రాడీపేటలో మా తాతగారిది పెద్ద ఇల్లు. మద్రాసు టెర్రస్ కప్పు, టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలబెట్టి సున్నంతో పేర్చింది. ఎండాకాలం మధ్యాహ్నం లోపల ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. వీధరుగు మీద తాతగారు, ఆయన ప్లీడరు స్నేహితులు కూర్చుని ప్రపంచమంతా మాట్లాడేవారు. మా అమ్మమ్మ ఆ అరుగు మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ చోటు వెనక వంటింట్లో. ఒక్కటే చిన్న కిటికీ, పొయ్యి పొగకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. రాత్రిపూట దొడ్లోకి వెళ్ళాలంటే లాంతరు పట్టుకుని, తోడు పిలుచుకుని వెళ్ళాలి. నెలలో మూడు రోజులు పెరటి గదిలో చాప. పనివాళ్ళలో ఎవరు ఎక్కడిదాకా రావచ్చో కూడా అరుగే చెప్పేది. కొందరికి అరుగు కూడా లేదు, కింద నేల మీదే.

ఆ ఇల్లు అందరికీ ఒకేలా ఇల్లు కాదు. నేను లక్ష్మీపురంలో కట్టుకున్న ఇంట్లో వంటగది తూర్పు వెలుతురులో ఉంది, పడకగదిలోంచే బాత్రూముకి వెళ్ళొచ్చు, నాకంటూ తలుపు వేసుకునే గది ఉంది. అమ్మమ్మ చివరి రోజుల్లో నా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు, వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని "ఇక్కడ గాలి బాగా వస్తోందే" అని రోజూ అనేది. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి.

అందుకే గోరంట్ల గారికి నా మనవి. వసారా తప్పకుండా పెట్టండి. అందులో మీ అమ్మగారితోపాటు మీ శ్రీమతికీ తీరిగ్గా కూర్చునే వేళ ఉంటుందా, ఆ సమయానికి వంటింట్లో ఎవరుంటారు అన్నది కూడా ఆ నోటు పుస్తకంలో రాయండి. మీ ప్రశ్నలో అమ్మగారి సాయంత్రం ఉంది, పాప చదువు ఉంది. మీ శ్రీమతి చోటు కనపడలేదు.

జవాబు: సింగ్ నగర్ మేడ మీద

విజయవాడ సింగ్ నగర్ నుంచి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి మా ఏరియా మునిగినప్పటి నుంచి ఇక్కడ కొత్తగా కట్టేవాళ్ళు కింద పిల్లర్లు వదిలేసి పైనే ఇల్లు కడుతున్నారు. అది తప్పదు, కింద కాపురం పెట్టమని ఎవరికీ చెప్పలేను. మరి మా బోటి వాళ్ళకి అరుగెక్కడ అంటారా? మాకు మెట్లే అరుగు. ఆ వరద రోజుల్లో కింది పోర్షన్ల వాళ్ళంతా మా మేడ మెట్ల మలుపు దగ్గర, వరండాలో ఉన్నారు. పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పడవ మీద వస్తే అక్కడే పంచుకున్నాం. ఆ తర్వాత మా తమ్ముడు ఇల్లు కట్టుకుంటుంటే దగ్గరుండి మెట్లు నాలుగడుగుల వెడల్పు పెట్టించాను, మలుపు దగ్గర ఇద్దరు కూర్చునేలా సిమెంటు బెంచీ పోయించాను. ఇప్పుడు పైనా కిందా వాళ్ళు సాయంత్రం అక్కడే కలుస్తారు. మీరు పైన అద్దెకిస్తానంటున్నారు కాబట్టి, మెట్లని మోటారు పెట్టుకునే మూలగా చూడకండి. అద్దెకొచ్చేవాళ్ళకి ఇంటి ముఖం అదే.

గోరంట్ల 200 గజాలు

అందరికీ చాలా థాంక్సండీ. రాత్రి ఇంట్లో అందరం కూర్చుని నోటు పుస్తకం మొదలుపెట్టాం.

బ్రాడీపేట మేడమ్ గారి మాట మా ఆవిడకి చదివి వినిపించాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకు పొద్దున ఆరు నుంచి ఏడు వరకు ఎవరూ ఏదీ అడగని చోటు కావాలి. ఎక్కడైనా పర్లేదు." పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ మాట తన నోట మొదటిసారి విన్నాను. వంటింటికి ఆనుకుని ఉత్తరం వైపు కిటికీ దగ్గర ఒక గట్టు, పుస్తకాల అర, తన కుట్టుమిషను పట్టేలా జాగా వేశాం. దానికి పూజ గది పక్కన అనుకున్న స్టోరు రూము తీసేశాం. అమ్మ అభ్యంతరం చెబుతుందనుకున్నా, బియ్యం డబ్బాలు అటక మీద పెట్టుకుంటాలే అంది.

ముందు భాగం ఇలా వచ్చింది. పక్కల వదలాల్సిన ఖాళీ పోను ఇంటి వెడల్పు దాదాపు 23 అడుగులు. ఆగ్నేయం వైపు కారుకి 10, ఈశాన్యం వైపు వసారాకి 13. వసారా లోతు ఆరున్నర. మెట్లు వెనక్కి, వాయవ్యానికి జరిగాయి. అద్దెవాళ్ళు ఉత్తరం సందులోంచి వెళ్ళాలి, అది కొంచెం ఇరుకు. హాలు 12 బై 14కి తగ్గింది. నాన్నకి ఇది మింగుడుపడటం లేదు. పాప పెళ్ళి మాటలకి వచ్చేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు అంటున్నారు. పాపకి పదకొండేళ్ళు.

ఇంజినీరు గారికి రెండు సందేహాలు. మెట్లు వాయవ్యంలోకి వెళ్తే పడమటి ఎండకి అడ్డు నిలుస్తాయా? హాలు అంత తగ్గించడం నిజంగా ఫర్వాలేదా?

సైటు ఇంజినీరు, నల్లపాడు రోడ్డు

మెట్ల గది గోడ పడమటి వైపు కొంత భాగానికి నీడ ఇస్తుంది, మంచి మార్పే. మిగతా పడమటి గోడకి మేడమ్ గారి అలమరల పద్ధతి పెట్టుకోండి. ఉత్తరం సందు గురించి మాత్రం జాగ్రత్త. సోఫా, ఫ్రిజ్ మోసుకెళ్ళడానికి మలుపు తిరగాలి, ఆ సందులో ఏసీ బాక్సులు బిగించకండి. వసారాని కూడా ముందు వదలాల్సిన ఖాళీలోకి జరపొద్దు, అప్రూవల్ దగ్గర ఇబ్బంది, రేపు రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది అదే.

హాలు సంగతి కాగితం మీద తేలదు. ప్లాన్ సంతకాలకి ఇచ్చే ముందు ఒక ఆదివారం సాయంత్రం అందరూ సైటుకి రండి. పిచ్చిమొక్కలు కొట్టించి, మేకులు పాతి తాడు కట్టి, సున్నప్పొడితో గదుల గీతలు వేయించండి. పరదా పట్టా, నాలుగు కుర్చీలు, ఒక మడత మంచం తెచ్చుకోండి. నాన్నగారిని 12 బై 14 గీతలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎదురుగా ఆరుగురు మనుషుల్ని కూర్చోబెట్టండి. అమ్మగారిని వసారా గీతలో కూర్చోమనండి, వీధి ఎంతవరకు కనపడుతుందో ఆవిడే చెబుతారు. వసారా నేల రోడ్డు కంటే రెండున్నర అడుగులు ఎత్తు వస్తుంది కాబట్టి ఇటుకలు పేర్చి ఆ ఎత్తులో కుర్చీ వేస్తే ఇంకా మంచిది. గీత చెరపడానికి చీపురు చాలు. స్లాబ్ పడ్డాక మార్చాలంటే లక్షలు.

గోరంట్ల 200 గజాలు

ఈ ఆదివారమే వెళ్తున్నామండీ. నాన్న టేపు ఆయనే తెచ్చుకుంటానన్నారు. హాలు మళ్ళీ 14 బై 16 కావాలంటే ఆ రెండడుగులూ దేంట్లోంచి తియ్యాలో ఆయన్నే అక్కడ చూపించమంటాను. గీతలు వేశాక ఫొటోలు పెడతాను, వసారా లోతు చూసి చెప్పండి.